డీజిల్ దహన గదిని కంప్యూటర్‌లో తీర్చిదిద్దడం: ఏ పద్ధతి ఏ నిర్ణయానికి?

భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చాయి. భారీ డీజిల్ ఇంజన్ల నుంచి వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లకు స్టేజ్ 4 లో కిలోవాట్-గంటకు 3.5 గ్రాముల పరిమితి ఉండేది. స్టేజ్ 6 లో స్థిర పరీక్షా చక్రానికి దాన్ని 0.40 గ్రాములకు కుదించారు, మసి కణాల పరిమితిని 0.02 నుంచి 0.01 గ్రాములకు తగ్గించారు. ఆ తరువాత 2023 జనవరిలో 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్ 4, అదే ఏడాది జూలైలో జనరేటర్ సెట్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నాలుగో దశ ప్లస్ ప్రమాణాలు వచ్చాయి. పొగగొట్టంలో అమర్చే యూరియా వ్యవస్థ, మసి ఫిల్టర్ ఈ మలినాల్లో చాలా భాగాన్ని తొలగిస్తాయన్నది నిజమే. అయితే సిలిండర్ నుంచి ఎంత మలినం బయటికి వస్తుందన్న దాన్నిబట్టే యూరియా ఖర్చూ, ఫిల్టర్‌ను ఎన్నిసార్లు కాల్చి శుభ్రం చేయాలన్నదీ తేలుతాయి కాబట్టి, పిస్టన్ తలలో తొలిచిన ఆ చిన్న గిన్నె ఆకారం, అంటే బౌల్, ఈనాటికీ ఇంజన్ రూపకర్తకు మొదటి ప్రశ్నగానే మిగిలి ఉంది.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లు, ఎం.టెక్ ప్రాజెక్టు చేసే విద్యార్థులు సాధారణంగా ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడుగుతారు. హైదరాబాదులోని ఇంజనీరింగ్ సేవల సంస్థల్లో చేరినవారి నుంచి కూడా ఇదే ప్రశ్న వింటాను. నా అభిప్రాయంలో ఆ ప్రశ్న రెండోది. ఈ లెక్క ఆధారంగా మనం ఏ నిర్ణయం తీసుకోబోతున్నామన్నది మొదటిది. టర్బోచార్జర్ పరిమాణం ఎంచుకోవడానికి చేసే లెక్క వేరు, బౌల్ అంచు ఆకారం తేల్చడానికి చేసే లెక్క వేరు, ఇంజన్ ఒక ఆవృత్తికీ (సైకిల్‌కూ) మరో ఆవృత్తికీ మధ్య వచ్చే తేడాను అర్థం చేసుకోవడానికి చేసే లెక్క వేరు. ఈ మూడింటికీ ఒకే పనిముట్టు వాడబోతే సమయమో, నమ్మకమో, రెండూనో పోతాయి.

ముందుగా గీతతోనే తేలే విషయాలు

త్రీడీ దహన సిమ్యులేషన్ మొదలుపెట్టక ముందే, కేవలం పారామెట్రిక్ క్యాడ్ గీత ద్వారా చాలా సంగతులు నిర్ణయించుకోవచ్చు. బౌల్ వ్యాసం, లోతు, మధ్యనున్న శంకువు ఎత్తు, అంచు లోపలికి వంగిన కోణం, అంచు గుండ్రం, పిస్టన్ పైభాగానికీ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సందు, ఇంజెక్టర్ మొన ఎంత బయటికి పొడుచుకు వస్తుందన్నది: ఈ ఏడు కొలతలనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టి గీస్తే, ఒకటి మార్చినప్పుడు మిగతావి వాటంతటవే సర్దుకోవాలి. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన ముడి కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ కింద ఉన్నప్పటి మొత్తం ఘనపరిమాణానికీ పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీకీ ఉండే నిష్పత్తి. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

బోర్ (లోపలి వ్యాసం) 105 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 120 మిల్లీమీటర్లు ఉన్న సిలిండర్‌ను తీసుకుందాం. దాని స్థానభ్రంశ ఘనపరిమాణం సుమారు 1,039 ఘన సెంటీమీటర్లు. కంప్రెషన్ రేషియో 17 కావాలంటే పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ సుమారు 65 ఘన సెంటీమీటర్లు ఉండాలి. ఇప్పుడు హెడ్ గ్యాస్కెట్ మందం కేవలం 0.1 మిల్లీమీటరు పెరిగిందనుకుంటే, ఆ ఖాళీ దాదాపు 0.87 ఘన సెంటీమీటర్లు పెరిగి రేషియో 16.8 కి పడిపోతుంది. జ్వలనం ఆలస్యమవుతుంది, మొదటి విడత దహనంలో ఉష్ణం విడుదలయ్యే శిఖరం ఎత్తు మారుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లూ మారతాయి. నేను ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో రెండు బౌల్‌లను పోల్చి, రెండోది మెరుగని నివేదిక రాసి, మూడు వారాల తరువాత ఆ రెండింటి ఘనపరిమాణాలూ సమానంగా లేవని గుర్తించాను. నేను పోల్చింది ఆకారాలను కాదు, కంప్రెషన్ రేషియోలను. అప్పటి నుంచి ఏ బౌల్ మార్చినా, సందును గానీ లోతును గానీ ఆటోమేటిగ్గా సర్ది ఘనపరిమాణాన్ని స్థిరంగా ఉంచే ముడి లేని క్యాడ్ ఫైలును నేను సిమ్యులేషన్‌కు పంపను. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య రింగుల పైనున్న సన్నని ఖాళీ, వాల్వుల కోసం పిస్టన్‌లో తవ్విన గుంటలు సిలిండర్‌లో ఒక ముక్కను మాత్రమే లెక్కించే సెక్టార్ మోడల్‌లో కనిపించవు కాబట్టి, ఆ ఘనపరిమాణాన్ని వేరే చోట సర్దుబాటు చేయాలన్న సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి.

ఇంధన ధార ఎక్కడ తగులుతుందన్నది కూడా గీతతోనే తేలుతుంది. ధారల మధ్య కోణం 150 డిగ్రీలైతే ఒక్కో ధార అడ్డరేఖకు 15 డిగ్రీలు కిందికి వాలుతుంది. నాజిల్ నుంచి 30 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న అంచు దగ్గరికి వచ్చేసరికి అది 8 మిల్లీమీటర్లు దిగుతుంది. కోణాన్ని 146 డిగ్రీలు చేస్తే 9.2 మిల్లీమీటర్లు దిగుతుంది. అంచు గుండ్రం రెండు మూడు మిల్లీమీటర్లే ఉండే చోట ఈ ఒక మిల్లీమీటరు పైచిలుకు తేడా, ధార బౌల్‌లోకి తిరుగుతుందా, పైనున్న సందులోకి చీలుతుందా అన్నది నిర్ణయిస్తుంది. ఇంజెక్టర్ కింది వాషర్ మందం మార్చినా దాదాపు ఇదే ప్రభావం వస్తుంది కాబట్టి, రెండింటినీ కలిపే చూడాలి.

1డి నమూనా, 3డి నమూనా

జీటీ-పవర్, ఏవీఎల్ బూస్ట్, రికార్డో వేవ్ వంటి 1డి సాఫ్ట్‌వేర్లు గాలి గొట్టాలనూ, టర్బోచార్జర్‌నూ, వాల్వులనూ, సిలిండర్లనూ ఒక గొలుసుగా చూస్తాయి. వీటిలో దహనాన్ని తరచుగా వీబ్ ఫంక్షన్ అనే గణిత సూత్రంతో, అంటే ఏ క్రాంక్ డిగ్రీకి ఎంత ఇంధనం మండిందో ముందే చెప్పే వక్రరేఖతో సూచిస్తారు. టర్బో ఎంపిక, ఎగ్జాస్ట్ వాయువులో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ శాతం, వాల్వు సమయాలు, ఎత్తైన ప్రాంతాల్లో శక్తి ఎంత తగ్గుతుందన్న విషయాలు నిర్ణయించుకోవాలంటే ఇదే సరైన పనిముట్టు. ఒక్కో లెక్క కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి వందలాది స్థితులను పరీక్షించవచ్చు.

కానీ బౌల్ ఆకారం మారితే ఏమవుతుందని ఈ నమూనాను అడగడం వృథా. అందులో బౌల్ లేదు. అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాలలో జాన్ డెక్ లేజర్ చిత్రాల ఆధారంగా 1997లో ప్రచురించిన డీజిల్ ధార చిత్రం ఈ విషయాన్ని ఎంతో స్పష్టం చేసింది. ద్రవ ఇంధనం కొద్ది దూరంలోనే ఆవిరైపోతుందనీ, ఆవిరీ గాలీ కలిసిన చోట ఇంధనం ఎక్కువగా ఉన్న మిశ్రమం ముందుగా మండి ధార లోపల మసి పుడుతుందనీ, చుట్టూ ఉన్న పలుచని మంట పొర దగ్గర నైట్రోజన్ ఆక్సైడ్లు ఏర్పడతాయనీ ఆ చిత్రం చూపింది. మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఒకే ధారలో వేర్వేరు చోట్ల పుడుతున్నప్పుడు, ధార లోపలి భాగాన్నే చూడలేని నమూనా ఆ రెండింటి మధ్య సమతుల్యం గురించి ఏమీ చెప్పలేదు. కాబట్టి బౌల్, నాజిల్ రంధ్రాల సంఖ్య, ధార కోణం, సిలిండర్‌లో గాలి సుడి తిరిగే తీరు (స్విర్ల్) వంటివి తేల్చాల్సి వచ్చినప్పుడు 3డి ద్రవగతి లెక్క తప్పదు.

ఈ రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలని అనుకోనక్కర్లేదు. ఇన్‌లెట్ వాల్వు మూసుకునే క్షణాన సిలిండర్‌లో ఉండే పీడనం, ఉష్ణోగ్రత, మిగిలిపోయిన పాత వాయువు శాతం 1డి నమూనా నుంచి తీసుకుని, అక్కడి నుంచి ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే దాకా 3డిలో లెక్కించడమే చాలా చోట్ల వాడుకలో ఉన్న మార్గం. 1డి నమూనా లేకుండా ఆరంభ ఉష్ణోగ్రతను ఊహించి పెట్టిన 3డి లెక్కను నేను నమ్మను. ఆరంభంలో 10 డిగ్రీల పొరపాటు ఉంటే కంప్రెషన్ చివరికి అది దాదాపు మూడింతలవుతుంది.

సెక్టారా, పూర్తి సిలిండరా

ఇంజెక్టర్ సరిగ్గా మధ్యలో నిలువుగా ఉండి, ఆరు రంధ్రాలున్న నాజిల్ వాడితే, 60 డిగ్రీల ముక్కను ఒక్కదాన్ని లెక్కించి మిగతావి అలాగే ఉంటాయనుకోవచ్చు. ఎనిమిది రంధ్రాలైతే 45 డిగ్రీల ముక్క సరిపోతుంది. దీన్నే సెక్టార్ మెష్ అంటారు; మెష్ అంటే లెక్క కోసం ఆ ఘనపరిమాణాన్ని విడగొట్టిన చిన్న చిన్న గదుల వల. పదుల కోర్లున్న ఒక వర్క్‌స్టేషన్‌లో ఇలాంటి లెక్క రాత్రి పెడితే ఉదయానికి పూర్తవుతుంది. పూర్తి సిలిండర్‌ను ఇన్‌లెట్ గొట్టంతో సహా లెక్కిస్తే రోజులు పడుతుంది. అందువల్ల అవకాశమున్న చోటల్లా సెక్టార్‌నే ఎంచుకోమని చెబుతాను. 2016లో వచ్చిన మెర్సిడెస్ ఓఎం 654 ఇంజన్‌లోని మెట్టు అంచు బౌల్ అక్షం చుట్టూ ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి సెక్టార్‌లో ఒదుగుతుంది. వోల్వో భారీ ఇంజన్లలోని అలల బౌల్ చూడటానికి సంక్లిష్టంగా ఉన్నా, ధారకో అల చొప్పున ఒకే నమూనా పునరావృతమవుతుంది కాబట్టి అదీ ఒదుగుతుంది.

సెక్టార్ మోసం చేసే చోటు ఒకటుంది, అది మన దేశంలో చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ట్రాక్టర్లకూ చిన్న జనరేటర్లకూ వాడే ఇంజన్లలో ఎన్నో ఇప్పటికీ సిలిండర్‌కు రెండు వాల్వులతోనే ఉన్నాయి. రెండు పెద్ద వాల్వుల మధ్య చోటు లేక ఇంజెక్టర్‌ను పక్కకు జరిపి, వాలుగా అమరుస్తారు, బౌల్ కూడా బోర్ మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. అలాంటి ఇంజన్‌లో ఒక్కో ధార ఒక్కో దూరం ప్రయాణించి ఒక్కో ఎత్తులో గోడను తాకుతుంది. ఒకవైపు ధార సందులోకి చీలి మసి చేస్తుంటే, ఎదుటివైపు ధార చక్కగా మండుతుంటుంది. ఒక ముక్కను ఆరుతో గుణించి ఆ ఇంజన్ గురించి నిర్ణయం తీసుకోవడం, ఒక్క చక్రాన్ని చూసి బండి అంతా బాగుందనడం లాంటిది. అక్కడ ఇన్‌లెట్ గొట్టాన్ని వదిలేసినా సరే, వాల్వు మూసుకున్నప్పటి నుంచి 360 డిగ్రీల సిలిండర్‌ను పూర్తిగా లెక్కించాలి. గొట్టం వల్ల వచ్చే స్విర్ల్‌ను స్థిర ప్రవాహ పరీక్షా బెంచి మీద కొలిచి ఆరంభ విలువగా ఇస్తే, ఖర్చులో గణనీయంగా ఆదా అవుతుంది. గొట్టం ఆకారాన్నే మార్చదలచుకున్నప్పుడు మాత్రమే పూర్తి ఆవృత్తి లెక్కకు వెళ్లాలి.

గాలి అల్లకల్లోలాన్ని లెక్కించే టర్బులెన్స్ నమూనా విషయంలో సందేహం అక్కర్లేదు. బౌల్ పోల్చడానికి ఆవృత్తుల సగటును ఇచ్చే రాన్స్ పద్ధతి చాలు. పెద్ద సుడులను నేరుగా లెక్కించే ఎల్‌ఈఎస్ పద్ధతిలో అర్థవంతమైన సగటు రావాలంటే పదుల ఆవృత్తులు నడపాలి. పరిశోధనకు అది విలువైనదే గానీ, వచ్చే నెలలో పిస్టన్ అచ్చు తయారు చేయించాల్సిన బృందానికి పనికిరాదు.

మెష్ కంటే ముందు ఇంధన ఇంజెక్షన్ రేటు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ మంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. చాలామంది ఫలితాలు సరిపోలనప్పుడు మెష్‌ను ఇంకా సన్నగా చేస్తూ పోతారు. ధార ప్రాంతంలో అర మిల్లీమీటరు లేదా అంతకంటే కొంచెం చిన్న గదులు ఉండాలన్నది సబబే. కానీ ఇంజెక్టర్ నుంచి ఏ క్షణాన ఎంత ఇంధనం వస్తుందో తెలియకుండా గదులను ఎంత సన్నగా చేసినా ప్రయోజనం లేదు. 1,500 ఆర్‌పీఎం వద్ద ఒక క్రాంక్ డిగ్రీ అంటే 111 మైక్రోసెకన్లు. ఇంజెక్టర్‌కు విద్యుత్ సంకేతం అందడానికీ, సూది నిజంగా లేచి ఇంధనం రావడానికీ మధ్య ఉండే జాప్యం దాదాపు రెండు మూడు డిగ్రీలకు సమానం. ఆ జాప్యాన్ని పట్టించుకోకుండా, ఇంధనం ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగినట్లు పెట్టెలాంటి రేటు రూపాన్ని ఊహిస్తే, తొలి దహనం ఎత్తు, దానితోపాటు నైట్రోజన్ ఆక్సైడ్లు తప్పుగా వస్తాయి. అప్పుడు ఇంజనీరు, ధార చుక్కలుగా చీలే తీరును సూచించే స్థిరాంకాలను మార్చి ఫలితాన్ని బలవంతంగా సరిపెడతాడు. ఆ స్థిరాంకాలు ఇంకో లోడు దగ్గర పనిచేయవు.

డబ్బు ఒక్క చోటే పెట్టగల స్థితిలో ఉంటే, అదనపు కంప్యూటర్ కోర్లకు బదులు ఆ ఇంజెక్టర్‌ను రేటు కొలిచే బెంచి మీద మూడు నాలుగు పీడనాల వద్ద కొలిపించమని సలహా ఇస్తాను. అది సాధ్యం కాని విద్యార్థులకు మరో మంచి మార్గముంది. శాండియా కేంద్రంగా నడిచే ఇంజన్ దహన పరిశోధనా వేదిక, స్ప్రే ఎ అనే ప్రామాణిక స్థితి కొలతలను అందరికీ ఉచితంగా అందిస్తోంది. 900 కెల్విన్, ఘనపు మీటరుకు 22.8 కిలోల సాంద్రత ఉన్న వాయువులోకి, 90 మైక్రాన్ల రంధ్రం నుంచి, 1,500 బార్ల పీడనంతో ఎన్-డోడెకేన్ ఇంధనాన్ని పంపినప్పుడు ధార ఎంత దూరం వెళ్లింది, ఎప్పుడు అంటుకుంది, ఎక్కడ మంట నిలిచింది అన్న వివరాలన్నీ అందులో ఉన్నాయి. ముందు ఆ ధారను తన సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా చూపగలిగిన విద్యార్థి మాత్రమే తన ఇంజన్ ఫలితాల గురించి ధైర్యంగా మాట్లాడగలడు.

సరిపోల్చే క్రమం కూడా ముఖ్యం. మొదట ఇంధనం లేకుండా తిప్పినప్పటి సిలిండర్ పీడనం సరిపోవాలి. అది సరిపోతే కంప్రెషన్ రేషియో, ఉష్ణ నష్టం సరిగా ఉన్నట్లు. తరువాత ధార, ఆ తరువాత మండినప్పటి పీడనం, ఉష్ణం విడుదలైన రేటు. చివరగా నైట్రోజన్ ఆక్సైడ్లు. మసి విషయంలో అంకెను నమ్మకండి, దిశను మాత్రమే నమ్మండి. ఏ బౌల్‌లో పెరుగుతుంది, ఏ బౌల్‌లో తగ్గుతుందన్నది మంచి నమూనా చెప్పగలదు గానీ, ఎన్ని మిల్లీగ్రాములన్నది చెప్పలేదు.

లెక్కలో డీజిల్‌కు బదులుగా చాలాకాలంగా ఎన్-హెప్టేన్‌నే వాడుతున్నారు. ఇంధనం ఎంత సులువుగా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య దానికి సుమారు 56. మన దేశంలో అమ్మే డీజిల్‌కు కనీసం 51 ఉండాలి. ఆ దగ్గరతనం వల్లే జ్వలన సమయం చాలావరకు సరిపోతుంది. అయితే హెప్టేన్ డీజిల్ కంటే ఎంతో తేలికగా ఆవిరవుతుంది కాబట్టి, గోడ మీద ఇంధనం తడిసే సమస్యను పరిశీలించేటప్పుడు భౌతిక లక్షణాలకు బరువైన ఇంధనాన్ని, రసాయన చర్యలకు హెప్టేన్‌ను వేరువేరుగా ఇవ్వాలి.

సాఫ్ట్‌వేర్ ఎంపిక

ఈ దారి వేసిన కివా ప్రోగ్రాం అమెరికాలోని లాస్ ఆలమోస్ జాతీయ ప్రయోగశాలలో తయారై 1985లో బయటికి వచ్చింది. నేడు వాడే ధార నమూనాలెన్నో దానిలోనే మొదట పరీక్షకు నిలిచాయి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారు దాన్ని ఎంచుకోనక్కర్లేదు. కన్వర్జ్ అనే సాఫ్ట్‌వేర్, లెక్క నడుస్తున్నప్పుడే మెష్‌ను తానే తయారు చేసుకుంటుంది కాబట్టి, డజన్ల కొద్దీ బౌల్‌లను పోల్చేవారికి ఎంతో సమయం కలిసి వస్తుంది. ఏవీఎల్ ఫైర్‌లో డీజిల్ సెక్టార్ కోసమే చేసిన ప్రత్యేక పరికరముంది, అనుభవం తక్కువున్న బృందానికి అది సులువు. ఓపెన్‌ఫోమ్ ఉచితం, లోపల ఏముందో చదవవచ్చు, మార్చవచ్చు. దానికి బదులుగా కదిలే పిస్టన్ మెష్ కోసం మీరే చెమటోడ్చాలి. పీహెచ్‌డీ చేసేవారికి ఓపెన్‌ఫోమ్, ఆరు నెలల ఎం.టెక్ ప్రాజెక్టుకు విద్యార్థి లైసెన్సున్న వాణిజ్య సాఫ్ట్‌వేర్ అన్నది నా సలహా. ఆరు నెలల్లో నాలుగు నెలలు మెష్‌తో పోరాడి, మిగతా రెండు నెలల్లో దహనం గురించి రాసిన థీసిస్‌లను చూసి చాలా బాధపడ్డాను.

ఎన్ని బౌల్‌లు, ఏ వరుసలో

పారామెట్రిక్ క్యాడ్, సెక్టార్ మెష్ సిద్ధమయ్యాక రెండు దారులు. ఆరు కొలతలకు మూడేసి విలువలు ఇస్తే అన్ని కలయికలూ 729 అవుతాయి, అన్నీ నడపలేం. అందుకని వాటిని బాగా పరుచుకునేలా అరవై, డెబ్భై కలయికలు ఎంచుకుని, ఫలితాలకు ఒక గణిత ఉపరితలాన్ని అమర్చి, దాని మీద వెతకడం ఒక పద్ధతి. జీవపరిణామాన్ని అనుకరించే జెనెటిక్ అల్గారిథం మరొకటి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సెనెకల్, రైట్జ్ 2000లో కివాతో దీన్ని జోడించి, ఉద్గారాలనూ ఇంధన ఖర్చునూ ఒకేసారి తగ్గించవచ్చని చూపారు. కొలతలు ఆరేడుకు మించకపోతే నేను మొదటి పద్ధతినే ఎంచుకుంటాను. దానికి ఒకే కారణం: అది శిఖరాన్ని మాత్రమే కాక చుట్టూ ఉన్న నేలను కూడా చూపిస్తుంది. ముందు చెప్పిన గ్యాస్కెట్ ఉదాహరణ గుర్తుంచుకుంటే, 0.1 మిల్లీమీటరు తేడాకే జారిపోయే శిఖరం మీద నిలిచిన బౌల్ కంటే, కాస్త తక్కువ ఎత్తులో ఉన్నా విశాలమైన పీఠభూమి మీద నిలిచిన బౌల్ కర్మాగారానికి మేలు.

ఏ స్థితుల వద్ద పోల్చాలన్నది ఇంజన్ వాడుకను బట్టి ఉంటుంది. జనరేటర్ ఇంజన్ 50 హెర్ట్జ్ కోసం స్థిరంగా 1,500 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. అందుకే దాని పరీక్షా చక్రంలో ఒకే వేగం దగ్గర ఐదు లోడులే ఉంటాయి. ఆ ఇంజన్‌కు స్విర్ల్‌ను, బౌల్‌ను ఆ వేగానికే బిగించి సరిచేయవచ్చు. ట్రాక్టర్ పరీక్షా చక్రంలో ఎనిమిది స్థితులుంటాయి, దున్నేటప్పుడు ఇంజన్ వేగం పడి లోడు పెరుగుతుంది. ఒక్క స్థితి వద్ద గెలిచిన బౌల్‌ను ట్రాక్టర్‌కు ఎంచుకోకూడదు, కనీసం మూడు స్థితుల్లో చూడాలి.

ఈ దారి ఎంతదూరం తీసుకెళ్లగలదో కమ్మిన్స్ 2007లో తెచ్చిన ఐఎస్‌బి 6.7 లీటర్ల ఇంజన్ చూపించింది. పూర్తిగా కంప్యూటర్ నమూనాల మీదే రూపకల్పన చేసి, తరువాత ధ్రువీకరణకు మాత్రమే పరీక్షించిన తొలి డీజిల్ ఇంజన్‌గా దాన్ని చెబుతారు. అభివృద్ధి సమయం, ఖర్చు పది నుంచి పదిహేను శాతం తగ్గాయి. ఆ ధైర్యం వెనుక శాండియా ప్రయోగశాలలో గాజు కిటికీలున్న ఇంజన్లతో దశాబ్దాల పాటు చేసిన కొలతలున్నాయి. అలాంటి కొలతల పునాది లేనివారు పరీక్షను వదిలేయకూడదు.

అందువల్ల చివరగా పిస్టన్లు చెక్కించే దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కటి మాత్రమే చెక్కించవద్దు. సిమ్యులేషన్ మెరుగన్న బౌల్‌తో పాటు, అది చెడ్డదని గట్టిగా చెప్పిన బౌల్‌ను కూడా ఒకటి చేయించి, రెండింటినీ ఒకే ఇంజన్‌లో, ఒకే ఇంజెక్టర్‌తో, కొలిచి సరిచూసిన ఒకే గ్యాస్కెట్ మందంతో నడపండి. మంచిది నిజంగా మంచిదైతే ఒక సమాధానం దొరికినట్టు. చెడ్డది కూడా లెక్క చెప్పినంత చెడ్డగా వస్తే, మీ నమూనా దిశను సరిగ్గా పట్టుకుందని తెలుస్తుంది, తరువాతి ఇంజన్‌కు అదే నమూనాతో పని మొదలుపెట్టవచ్చు. చెడ్డదనుకున్నది బాగా నడిస్తే, మెష్ జోలికి పోకుండా ముందుగా ఇంజెక్షన్ రేటు ఫైలు తెరిచి చూడండి.